తాళాలక్క తెచ్చిన జామీను

ఆ సముద్రపుటొడ్డు ఊళ్ళో ఆవిడను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ తాళాలక్కే. వేసవిలో తప్ప మనిషి అలికిడి ఉండని పెద్ద పెద్ద ఇళ్ళ తాళాలన్నీ ఆవిడ నడుముకే వేలాడేవి. యజమానులు రాకముందు దుమ్ము దులపడం, వెళ్ళాక పరుపులు ఆరబెట్టడం ఆవిడ పని. కాపురం మాత్రం వంతెన అవతల అద్దెగదిలో, తమ్ముడితో. ఊరిని కడిగిపెట్టేవాళ్ళకు ఊళ్ళో చోటెందుకని కాబోలు!

ఆ సాయంత్రం గాలివాన వస్తుందన్నారు. పరుపులకు గాలి తగలాలని ఆ పొద్దునే పెద్దమ్మగారి మేడమీద కిటికీలన్నీ తీసిపెట్టి వచ్చింది తాళాలక్క. మోకాలు వాచి మళ్ళీ అంత దూరం నడవలేక, తాళం తమ్ముడి చేతికిచ్చి పంపింది. తాళం చేయి మారకూడదన్నది ఆ ఉద్యోగానికి మొదటి షరతు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుంది. అతను ఒక్కో కిటికీ మూసుకుంటూ చివరి గదికి చేరేలోపే ఎదురింటాయన దొంగ పడ్డాడని పోలీసులకు ఫోన్ కొట్టాడు. "మా అక్క పంపింది" అని అతనెంత మొత్తుకున్నా వినే నాథుడు లేడు. పట్టుకెళ్ళి లోపలేశారు.

"ఈ ఊళ్ళో సొంత ఇల్లున్నవాళ్ళు జామీనుండాలమ్మా" అన్నాడు మర్నాడు పొద్దున్నే వకీలు. "రేపట్నుంచి కోర్టుకు సెలవులు. ఇవాళ కాలేదంటే అవి అయిపోయేదాకా లోపలే."

సొంత ఇల్లు! నడుముకు ఇన్ని ఇళ్ళు కట్టుకుని తిరిగే మనిషికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడాది పొడుగునా ఊళ్ళోనే ఉండే కెప్టెన్‌గారి గుమ్మం ఎక్కింది. "మా లాయరు ఒప్పుకోడు" అన్నాడాయన. ఆయన భార్య మంచాన పడ్డప్పుడు మలమూత్రాలు ఎత్తింది ఈవిడే. అప్పుడు ఏ లాయరునూ అడిగిన పాపాన పోలేదు.

ఇంతలో కబురందిన పెద్దమ్మగారు కారులో దిగింది. అల్మారాలు తెరిచి చూసుకుంది, వెండి సామాను చూసుకుంది. మేడ మెట్లెక్కలేదు. ఏమీ పోలేదని తేలింది.

"నీకో తమ్ముడున్నాడా? నేనెప్పుడూ చూళ్ళేదే!" అంది ఆశ్చర్యంగా. ఆవిడ ముచ్చటపడే గులాబీలు కత్తిరించేది అతనే.

"అమ్మగారూ, వాడు కిటికీలు మూయడానికే వచ్చాడండీ. మీ కాళ్ళు పట్టుకుంటా, వాణ్ణి విడిపించండి."

పెద్దమ్మగారు కోర్టుకు వచ్చి సంతకం పెట్టింది. ఎంత మంచి మనసని గుమాస్తా కూడా మెచ్చుకున్నాడు. తమ్ముడు బయటికి వచ్చాక, కోర్టు మెట్లమీద ఆవిడ చేయి చాచింది.

"నువ్వు మంచిదానివే. కానీ నా భయం నాది. తాళం ఇచ్చెయ్."

తాళాలక్క గుత్తిలోంచి ఆ ఒక్కటీ విప్పబోయింది.

"గుత్తి మొత్తం ఇవ్వమ్మా. మిగతా ఇళ్ళవాళ్ళందరితో మాట్లాడాను."

ఇచ్చేసింది. తమ్ముడు చేతికందాడన్న సంతోషం కూడా ఆవిడకు దక్కనివ్వలేదు వాళ్ళు. కారు వెళ్ళిపోయింది.

నిన్న రావలసిన వాన అప్పుడు మొదలైంది. అక్కాతమ్ముళ్ళు తడుస్తూ వంతెన వైపు నడిచారు. దారిలో పెద్దమ్మగారి మేడమీద చివరి గది కిటికీ గాలికి టపటపా కొట్టుకుంటోంది. తెర బయటికొచ్చి తడిసి వేలాడుతోంది.

"అక్కా, అదొక్కటే మిగిలింది. ఆలోపే పట్టుకున్నారు" అన్నాడు తమ్ముడు. "ఫోన్ చేసి చెప్తావా?"

అలవాటుగా ఆవిడ చేయి నడుము మీదికి వెళ్ళింది.

"తడవనీరా" అంది. "నువ్వు నడు."