పదమూడో ఎక్కం

ఆ రోజు ఎక్కం నేనే గుర్తు తెచ్చుకుని చెప్పానని మా ఊరంతా అంటారు. అబద్ధం. పలాసలో జీడిపిక్కలు కాల్చే పొగ తగిలినప్పుడల్లా ఆ మధ్యాహ్నమే నా కళ్లముందుకొస్తుంది.

పిల్లలకు చదువు రాకపోతే బడి ఎత్తేస్తామన్న అధికారి, ఊరందరి ముందూ నన్ను లేపి పదమూడో ఎక్కం అడిగారు. పదమూడు ఎనిమిదుల దగ్గర ఆగిపోయాను.

“సెప్పవే, నోరు పడిపోనాదేటి?” అంది అమ్మ.

కిటికీ బయట జీడితోటలోంచి “నూట నాలుగు” అని మెల్లగా వినిపించింది. మా పాత మాస్టారి గొంతు. ఆయనకు బదిలీ అయిందని పెద్దవాళ్లు మా పిల్లలకు చెప్పారు. తిరిగొచ్చారని సంబరపడి గట్టిగా చెప్పేశాను. బడి నిలిచింది.

ఆయన అంతకుముందు వేసవిలోనే కిడ్నీలు పాడై చనిపోయారని పెద్దయ్యాక తెలిసింది. సరే, నా భ్రమే అనుకుందాం. ఎవరికీ ఏమీ వినపడకపోతే, అప్పుడు అమ్మ పరుగున వెళ్లి ఆ కిటికీ ఎందుకు మూసింది?