కానుగ చెట్ల కింద గరిక

ఆదోనిలోని ఒక కాలనీ పార్కుకు ఉరుకుందప్ప తోటమాలి. పొద్దు పొడవగానే కానుగ చెట్ల కింద గొంతుక్కూర్చుని, కుళ్లిన గరికను వేళ్లతో ఏరి, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసి, గంపలో వేస్తాడు. ఎండనే కోరే గరికను ఆ చిక్కని నీడలో పరచడం మూడేళ్లలో ఇది మూడోసారి. కింది కొమ్మలు కొట్టి వెలుతురు రానివ్వండని, అది కుదరకుంటే నీడకు ఓర్చే వెడల్పాకు గడ్డి తెప్పించండని ఆయన ఏటా అర్జీ ఇచ్చాడు. కాలనీ సంఘం మూడింటి మీదా అందినట్టు ముద్ర వేసి, గరికకు రెండుపూటలా నీళ్లు పెట్టమని మాత్రం ఉత్తర్వు రాసింది.

ఒకరోజు పొద్దున్నే సంఘం కార్యదర్శి ఒక కాగితం తెచ్చాడు. తాను నీళ్లు పెట్టకపోవడం వల్లనే గడ్డి చచ్చిందని ఒప్పుకొని ఉరుకుందప్ప సంతకం చేయాలి. లేకుంటే పని పోతుంది.

“యాడ సార్ ఎండింది? సూడండి” అంటూ ఆయన ఒక గడ్డి పెళ్లను లేపి రెండు చేతులా పిండాడు. బురదనీళ్లు కార్యదర్శి బూట్ల మీద కారాయి. “నీడ మీకు సల్లగుంటాది సార్. గరికకు అది పస్తు.”

“గడ్డికి వకాల్తా పుచ్చుకున్నావేమప్పా?” అని కార్యదర్శి నవ్వి, ‘పెట్టకపోవడం’ కొట్టేసి ‘ఎక్కువ పెట్టడం’ అని దిద్ది, కాగితాన్ని మళ్లీ చాపాడు.

“రెండుపూటలా పెట్టమని రాసిచ్చింది మీరే కదా సార్!”

“అదంతా ఇప్పుడెందుకప్పా, సంతకం సెయ్యి.”

ఉరుకుందప్ప కలం అందుకోలేదు. చేతులు కడుక్కొని, కొళాయి కట్టేసి, గేటు దాటి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం కొత్త గరికతో బండి వచ్చింది.