మా స్పెయిన్ పిన్ని

మా స్పెయిన్ పిన్ని చనిపోయింది. పోయిన నెలలో ఒక ఉదయం ఆమె మేనకోడలు స్పెయిన్ నుంచి ఫోన్ చేసి ఇంగ్లీషులో చెప్పింది. నేనప్పుడు పలాసలో కాలేజీకి బయల్దేరుతున్నాను. కంచిలి దగ్గర మా ఊళ్ళో ఉన్న తమ్ముడికి చెప్పాను. "అప్పా, మనకి మైలుంటాదేటి?" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటాం. వాడు ఎగతాళికి అడగలేదు. ఆమెతో మాకు రక్తసంబంధం లేదు, మతం వేరు, దేశం వేరు. కానీ మా అమ్మని ఏళ్ళ తరబడి అప్పా అని పిలిచిన మనిషి. ఎవరినడగాలో తోచక తలస్నానం చేసి కాలేజీకి వెళ్ళిపోయాను. ఆ స్నానం మైలదో మామూలుదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తన దేశంలో ఆమె పేరున్న కవయిత్రి. పాతకాలపు ఆడవాళ్ళు నోటి నుంచి నోటికి అందించుకున్న కథాపాటల మీద పరిశోధన చేసి, యూనివర్సిటీలో పాఠాలు చెప్పేది. ఇవన్నీ మా ఇంటికి వచ్చిన రోజే చెప్పింది. నేను తెలుగులో చెప్పినా, అమ్మ పట్టుకున్నది 'పాటలు' అన్న ఒక్క మాటనే. విశాఖపట్నంలో ఏదో సదస్సుకి వచ్చి, మా తీరంలో వల లాగేటప్పుడు పాడతారని ఎవరో అంటే వినడానికి వచ్చిందట. ఊళ్ళో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనే కాబట్టి మా ఇంటికి తీసుకొచ్చారు. వారం ఉంటానని, చలికాలమంతా మా కొబ్బరితోటలో ఉన్న గదిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఏటా వచ్చేది. తన ఉద్యోగం అయిపోయాక తిరిగి వెళ్ళడమే మానేసింది.

ఊళ్ళోవాళ్ళకి ఆమె అంతుపట్టలేదు. మతం మార్చడానికొచ్చిందని మొదట్లో అన్నారు. మూలపేటలో పోర్టు పని మొదలయ్యాక భూములు కొనడానికన్నారు. ఆమె మాత్రం పొద్దున్నే సముద్రం ఒడ్డుకి వెళ్ళి ఇసకలో కూర్చునేది. మొదటి ఏడాది రికార్డర్ తెచ్చింది, మరుసటి ఏడాది తేలేదు. ఎందుకని అడిగితే, అది చేతిలో ఉంటే తను సరిగా వినడం లేదంది. పరిశోధన చేసే మనిషి అలా అంటే ఏమనుకోవాలో నాకు తెలియలేదు. ఆ పాటల మీద ఆమె రాస్తానన్న పుస్తకం కోసం స్పెయిన్‌లో ఎదురుచూస్తూనే ఉండిపోయారు.

తెలుగు మా అమ్మ దగ్గరే నేర్చుకుంది. అందుకే అచ్చం మా ఉద్దానం మనిషిలా మాట్లాడేది. ఒకసారి టెక్కలిలో సాహిత్య సభకి పిలిస్తే, తెలుగులో ఒక చిన్న కవిత రాసుకొచ్చి చదివింది. అంతా మా అమ్మ మాటే. సభ అయ్యాక ఒక పెద్దాయన మర్యాదగానే, భాష కొంచెం దిద్దుకుంటే బాగుంటుందన్నారు. ఆమె నా వైపు తిరిగి, "నా తెలుగు తప్పేటి?" అని అడిగింది. నేను తెలుగు లెక్చరర్ని. ఆ మాటలే పిల్లల పేపర్లలో కనబడితే ఎర్రగీత గీస్తాను. వాటిని పలికే అమ్మ చేతిలోనే పెరిగాను. అమ్మని అడగమన్నాను. ఇంటికొచ్చాక అమ్మనే అడిగింది.

"నాకేటి తెల్సు? నువ్వు సదివింది నాకర్దమైనాది" అంది అమ్మ.

ఆ జవాబు ఆమెకి సరిపోయింది. కానీ తర్వాత ఏ భాషలోనూ కవిత రాయలేదు. ఆ సభ వల్లేనా అని అడిగాను. కాదంది. "ఇక్కడ ఇనడానికే పొద్దు సరిపోతంది" అంది. అది సంతోషమో, ఇంకేదైనా దాచుకుందో తెలియదు.

అమ్మకి కిడ్నీలు పోయాక పలాసకి డయాలసిస్‌కి ఆటోలో తీసుకెళ్ళింది పిన్నే. మంచం పక్కన కూర్చుని తన ఊరి పాటలు సన్నగా పాడేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అమ్మ మళ్ళీ పాడమనేది. అమ్మ పోయిన రోజు ఆమె తన భాషలో ఏడ్చింది. పాటల్లో తప్ప ఆ భాష ఆమె నోట మేం విన్నది అప్పుడే.

ఫోన్ వచ్చిన కొన్నాళ్ళకి మేనకోడలు ఒక వాయిస్ మెసేజ్ పంపింది. చివరి రోజుల్లో పిన్ని తన భాష వదిలేసి తెలుగే మాట్లాడిందట. ఆస్పత్రిలో ఎవరికీ అర్థం కాక ఫోన్లో పట్టి ఉంచారు. ఇది కవితేనా, అయితే అక్కడ పత్రికలో వేస్తారు, అర్థం రాసి పంపమని అడిగింది. తమ్ముడూ నేనూ కలిసి విన్నాం. గొంతు బాగా నీరసించింది.

"అప్పా, గుమ్మం కాడ ఎవులో ఉన్నారు. రమ్మను. ఎండ కాత్తంది, కూకోమను."

అంతే. గుమ్మంలోకి ఉప్పు అమ్మేవాళ్ళొచ్చినా, చేపల బుట్టతో వచ్చినా అమ్మ అనే మాట అది. అక్కడ ఆ రోజంతా వానట, గదిలోకి ఎవరూ రాలేదట. అర్థం రాశాను. మా ఇంట్లో రోజూ అనే మాటేననీ, కవితో కాదో చెప్పలేననీ కూడా రాశాను. పిన్ని రాసినవాటిలో ఇంత మంచి కవిత లేదని అక్కడి మిత్రులంటున్నారని జవాబొచ్చింది. అచ్చు వేశారు కూడా. వాళ్ళకి తప్పు చెప్పానా, ఒప్పు చెప్పానా అని తమ్ముణ్ణి అడిగాను.

"ఎవులొచ్చారో ఆమికి తెల్సు. మనకేటి తెల్సప్పా" అన్నాడు.

అమ్మ పోయాక పిన్ని ఇక్కడ ఎక్కువ రోజులు ఉండలేదు. తన దేశం వెళ్ళిపోతానంటే పలాస స్టేషన్లో మేమిద్దరం రైలెక్కించాం. కిటికీ దగ్గర కూర్చుంది. ఎదుటి సీట్లో ఒక ముసలమ్మ ఒళ్ళో పనసపండు పెట్టుకుని ఉంది. పిన్ని ఆమెని ఏదో అడిగింది, ఆమె చెప్పింది, ఇద్దరూ ముందుకి వంగి మాటల్లో పడ్డారు. రైలు కదిలింది. మేం చెయ్యి ఊపుతున్నాం. ఆమె మా వైపు తిరగలేదు. ముసలమ్మ చెప్పేది వింటూ, అలాగే తలూపుతూ వెళ్ళిపోయింది.