కొంగు మీది ముడత

నారాయణఖేడ్‌లో బస్సు కదలగానే, సీటు దొరకని ఒకామె నిద్రపోతున్న తన పాపను అడగకుండానే నా ఒళ్లో పడుకోబెట్టింది. ఆ దారిలో అంతే, కూర్చున్నవాళ్ల ఒడి అందరిదీ. కిటికీ అవతల కంది చేలు కలలోలా తేలిపోతున్నాయి.

"యాడికి పోతున్నవ్ అక్కా?" అడిగిందామె.

"కూలోళ్లు పనిచేసే కాడనే అంగన్‌వాడీ పెట్టుమని సర్కారును అడగనీకి."

ఆమె పాప కాలికంటిన మట్టి తుడిచింది. "మేం గసొంటి పనికే పోతున్నం. నేను ఇటుకలు మోస్తుంటే గిది ఇసుకల పంటది. జర జల్దీ అడుగక్కా, పిల్ల పెద్దగైతది."

దిగేటప్పుడు ఆమె, పాప పిడికిలిలోంచి నా కొంగును మెల్లగా విడిపించి, పాపను ఎత్తుకుపోయింది.

ఆ మధ్యాహ్నం సచివాలయంలో అధికారి, "వచ్చే ఏడు చూద్దాం," అన్నాడు. నా వేళ్లు కొంగు మీది ముడతను తడిమాయి. ఇంకా వెచ్చగానే ఉన్నట్టుంది. లేవబోయినదాన్ని మళ్లీ కూర్చున్నాను.