పప్పు బకెట్టూ, ఏడుపు పాటల క్యాసెట్టూ

మార్కాపురంలో డిగ్రీ చదువుతున్న మా మనవరాలు మొన్న సెలవులకు గిద్దలూరు వచ్చి, ఎవరో కొత్త హీరో సినిమాకి పాటలన్నీ ఒక్కచోట కాకుండా నాలుగు ఆల్బములుగా విడుదల చేస్తున్నారనీ, జానపదాలొకటి, ప్రేమపాటలొకటి, చిందులేసేవొకటి, ఏడుపు పాటలొకటి అనీ, ఇట్లాంటి ఆలోచన ఇంతకు ముందు ఎవరికీ రాలేదనీ, ఫోను నా ముఖం ముందు పెట్టి మరీ చెప్పింది. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత మనసంతా చేదైపోయింది. ఆ పని మా కాలంలోనే ఒక సినిమా కంపెనీ చేసింది, దాని ఫలం అనుభవించినవాణ్ణి నేను. పొద్దున్నే రాచర్ల నుంచి ఆటోలో వచ్చిన మా చెల్లెలు పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది కాబట్టి నోరు మూసుకున్నాను.

పెళ్లి కాకముందు నేను స్టేషను రోడ్డులోని ఒక మైకుసెట్టు దుకాణంలో పనిచేసేవాణ్ణి. ఊరంతా మామా అని పిలిచే మా ఓనరు శుక్రవారం నమాజు వేళ తప్ప ఎప్పుడూ దుకాణం మూసేవాడు కాదు, చావింట్లో మోగిన క్యాసెట్టును పెళ్లింటి గడప తొక్కనిచ్చేవాడూ కాదు. రెండింటికీ రెండు రేకు పెట్టెలుండేవి. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఒక సినిమా క్యాసెట్టంటే సరసమూ శోకమూ అన్నీ ఒకే రీలు మీద ఉండేవి, పెళ్లిలో వేస్తే ఏడుపు పాట రాకముందే ముందుకు తిప్పడానికి టేపురికార్డరు పక్కనే కాపలా కూర్చోవాలి. అందుకే ఆ కంపెనీ వాళ్లు ఒక్క సినిమాకే సంబరాల పాటలు, విషాద గీతాలు, భక్తి పాటలు అంటూ మూడు క్యాసెట్లు తెచ్చేసరికి మామ మురిసిపోయి, వాళ్లెవరో మన మైకుసెట్టు వాళ్ల కష్టం తెలిసినవాళ్లని మెచ్చుకుంటూ మూడూ కొన్నాడు. అందులో ఒకే బాణీ రెండు రకాలుగా ఉండేది, కొత్త జంట సంతోషంగా పాడుకున్నప్పుడొకటి, అతను పోయాక ఆమె ఒంటరిగా పాడినప్పుడొకటి. రెండిటికీ మొదట వినిపించే పిల్లనగ్రోవి ఒకటే. ఆ రెండూ వాటి వాటి క్యాసెట్లలో మొదటి పాటలే.

మా చెల్లెలి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు మార్కాపురం దగ్గర పలకల గనిలో పనిచేసేవాడు, మితంగా మాట్లాడే మనిషి. మామ తన చెల్లెలి పెళ్లే అనుకొని మంచి సెట్టు ఏరి ఇచ్చాడు. ముందురోజే నేనొక చావింటి పని ముగించుకొని, మాకున్న అలవాటు ప్రకారం విషాద గీతాల క్యాసెట్టును మొదటికంటా తిప్పి, తీయడం మరచి ఆ సెట్టు టేపురికార్డరులోనే వదిలేశాను. మర్నాడు చర్చిలో ప్రార్థన అయ్యేసరికి మగపెళ్లివారు బంతికి కూర్చున్నారు. ఆ రోజు మైకు మనిషినీ నేనే, పెళ్లికూతురి అన్ననూ నేనే. పొద్దున సంబరాల క్యాసెట్టు పెట్టానన్న భ్రమలో మీట నొక్కాను, పిల్లనగ్రోవి వినబడగానే నిశ్చింతగా పప్పు బకెట్టు అందుకున్నాను.

నేను బంతి నడుమకు చేరాక పాట ఎత్తుకుంది. నన్ను సగం దారిలో వదిలి ఎందుకు పోయావని ఆమె అడుగుతుంటే, వేపచెట్టుకు నేను కట్టిన రెండు మైకులూ ఆ మాటల్ని ఊరు ఊరంతటికీ వినిపించాయి. పెళ్లికొడుకు తల్లి ముద్ద విస్తట్లోనే వదిలేసి తలెత్తింది. వంటల దగ్గర నుంచి మా అమ్మ "ఒరేయ్, ఏందిరా ఆ పాట, ఆపురా!" అని అరిచింది. అటూ ఇటూ విస్తళ్లు, కాలు పెట్టే సందు లేదు, చేతిలో పొగలు కక్కే పప్పు, కింద దించితే ఎవరి ఒళ్లో పడుతుందోనని భయం. తొణుకుతూ తూలుతూ నేను టేపురికార్డరు దగ్గరకు చేరేసరికి పాట అయిపోయింది.

నాలుగేళ్లకు మా బావ పోయాడు. ఊపిరితిత్తుల నిండా పలకల దుమ్మేనని డాక్టరు చెప్పాడు, ఆ గనిలో అదే దగ్గుతో పోయినవాళ్లు ఇంకా ఉన్నారు, అది నాకూ తెలుసు. పాటల్లో శకునాలుండవని పాస్టరయ్య కూడా అన్నాడు గానీ, అనేటప్పుడు నా వైపు చూడలేదు. మామ ఆ క్యాసెట్టు రీలంతా లాగి పారేశాడు. అమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు, రేడియోలో ఆ బాణీ రెండు రకాల్లో ఏది వచ్చినా లేచివెళ్లి కట్టేసేది. అట్లాగే కన్నుమూసింది. చెల్లెలి మనసులో ఏముందో అడగడానికి నాకు ఇన్నేళ్లలో ధైర్యం చాలలేదు, అడిగి ఆమె అవునంటే ఏం చేయాలో తెలియక.

ఇంతలో చెల్లెలే చిక్కుడుకాయలు పక్కన పెట్టి, ఆ సినిమా పేరే చెప్పి, అందులో పాట నీ ఫోనులో దొరుకుతుందా అని మనవరాలిని అడిగింది. పిల్ల క్షణంలో పట్టుకుంది. పిల్లనగ్రోవి, ఆ వెంటనే సంబరాల పాట.

"ఇది కాదు పాపా, ఇంకోటుంది సూడు. నా పెండ్లిలో మా అన్న ఏసినాడే, అది."

అదీ దొరికింది. మొదటి చరణానికే చెల్లెలి కళ్లు నిండాయి. అది చూసి మనవరాలు ఆపబోయింది. ఈ కాలంలో ఏ పాటైనా వేలు తాకిస్తే ఆగుతుంది, ఎవరూ విస్తళ్ల మీదుగా పరిగెత్తనక్కర్లేదు. చెల్లెలు ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ పాపా. మీ తాత పప్పు బకెట్టెత్తుకొని అట్ల ఉరుకుతాంటే మా ఆయన సూసి పకపకా నవ్వినాడు. ఆయన నవ్వంగా నేను సూసింది అదే మొదలు."

నలభై ఏళ్లుగా నేను మోసిన పాట అది. అమ్మ బతికుంటే చెప్పేవాణ్ణి. చెల్లెలు మనవరాలి చెయ్యి వదలకుండా పాటంతా విన్నది, అయిపోయాక మళ్లీ మొదటికి తిప్పమంది.