యారాలు గీసిన ఆట

పెళ్లయి పాలమూరు జిల్లాలోని ఆ ఊరికి వచ్చేనాటికి నాకు పదహారేండ్లు. యాభైల చివరి మాట. అత్తగారిది గొర్రెల మంద ఉన్న ఇల్లు. ఎండలు ముదరగానే మగవాళ్లు మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయేవారు. వానలు పడితేగాని తిరిగి వచ్చేవారు కాదు. ఇంట్లో మిగిలేది అత్తమ్మ, నేను, మా బావగారి భార్య. తోడికోడలిని మా వైపు యారాలు అంటారు. ఆమె నాకంటే ఎనిమిదేండ్లు పెద్ద. నేను అక్కా అని పిలిచేదాన్ని.

ఆటలు అల్లే పిచ్చి నాకు పుట్టింటి నుంచే ఉంది. మధ్యాహ్నం పని తెమిలాక వాకిట్లో బండమీద బొగ్గుతో గీతలు గీసి ఒక ఆట పెట్టాను. ఇద్దరు ఆడాలి, ఒక్కొక్కరికి పన్నెండు చింతగింజలు. గింజ అంటే గొర్రె. ఎదుటివారి గింజ మీదుగా దూకితే అది చచ్చినట్టే. తీసి అవతల పెట్టాలి. చంపినవారికి వెంటనే ఇంకో ఎత్తు. పక్కింటి ఆడవాళ్లు వచ్చి ఆడేవారు. ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని. అందుకే అది గొప్ప ఆట అనుకున్నాను.

ఒకరోజు అక్క బండకు ఇంకో కొసన ఏవో గీతలు గీసి నన్ను పిలిచింది.

"పిల్లా, నేను గూడ ఒక ఆట చేసిన. జర ఆడి సూడు."

"తర్వాత ఆడుదాం తియ్యక్కా" అన్నాను. మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే. ఇంకొకరి ఆట ఆడితే నా ఊహ చెడిపోతుందని బయటికి చెప్పుకునే కారణం. ఆమె ఆట నాదానికంటే బాగుంటే ఎట్లా అన్న బెదురు లోపలిది.

నాలుగోసారి పక్కింటి వాళ్ల ముందే అడిగింది. తప్పక నిలబడి విన్నాను. ఆమె ఆటలో దొరికిన గింజను పారేయరు; మూలనున్న గడిలో పెడతారు. దాని యజమాని ఇంకో గింజను ఆ మూల పక్కకు నడిపించగలిగితే పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు.

నాకు నవ్వు వచ్చింది. "గదేం ఆటక్కా? సచ్చిన గొర్రె మల్ల లేసొస్తదా?"

పక్కింటి వాళ్లు నవ్వలేదు. అక్క నావైపు చూసింది.

"ఆటల గూడ రావద్దా?" అంది.

అంతకు ముందటేడు జ్వరంతో ఆమె మూడేండ్ల కొడుకు పోయాడు. దవాఖాన దాకా బండిలో తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం విడిచాడు. నేను వచ్చేనాటికే జరిగిన సంగతి, నాకు తెలుసు. తెలిసీ ఆ మాట నోటినుంచి వచ్చింది. ఆమె కొంగుతో గీతలు తుడిచేసి, లేచి లోపలికి పోయింది.

కోపం చూపలేదు. పొద్దున జొన్నరవ్వతో గట్క వండి నాకూ పెట్టేది. కాని పని మాట తప్ప వేరే మాట లేదు. ఒకే ఇంట్లో ఇద్దరం అట్లా నెలకు పైగా ఉన్నాం. తప్పయిందని చెప్పాలని రోజూ అనుకునేదాన్ని.

ఈలోగా నా ఆటకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఎందుకని పక్కింటామెను అడిగాను. "నీ ఆటల మొదటి గొర్రె పోతే ఇగ గెలుసుడు లేదు. మేం ఉట్టిగ కూసోని సూసుడే" అంది. ఎప్పుడూ గెలిచే నాకు ఆ సంగతి తెలిసే దారే లేదు. రెండువైపులా నేనే ఆడుతూ సరిచేయబోయాను. గీతలు పెంచాను, గింజలు తగ్గించాను. ఏంచేసినా మొదట చంపినవాళ్లదే పైచేయి. ఎటు తిప్పి ఆలోచించినా నా బుర్ర పాత దారిలోనే పోతోంది.

చివరికి అక్క దగ్గరికి పోయి ఆమె ఆట మళ్లీ గీయమన్నాను.

"యాది లేదు" అంది.

గుర్తున్నంత వరకు నేనే గీశాను. ఆమె నీళ్ల బిందెతో పోతూ ఆగింది. కాసేపు చూసి బిందె దించింది. "గీడ గీత లేదు" అని బొటనవేలితో చెరిపి, ఎదురుగా కూర్చుంది.

నాలుగు గింజలు పట్టాను. గెలిచాననుకున్నాను. ఆమె తొందరపడలేదు. ఒక్కో గింజనే మూలకు నడిపించి మూడింటిని తెచ్చుకుంది. పట్టినవాటికి కాపలా కాయాలని నాకు తట్టనే లేదు. ఓడిపోయాను. ఓడుతున్నవాళ్ల చేతికి కూడా చివరిదాకా పని ఉండాలన్నది అప్పుడు తెలిసింది. నా అంతట నేను పదేండ్లు ఆలోచించినా ఆ ఊహ నాకు రాదు. నేను మోయని బరువు మోసిన మనిషికే అది తోచింది.

"అక్కా, గా దినం నేనన్న మాట..."

"ఆడు" అంది, గింజలు పేరుస్తూ. నన్ను పూర్తి చేయనివ్వలేదు. క్షమించిందో, వినలేకపోయిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. మందను పంచుకుని అన్నదమ్ములు వేరుపడ్డారు. అక్కవాళ్లు ఆమె పుట్టింటి ఊరికి పోయారు. అరవైలలో నాకు బాలవాడిలో, అంటే చిన్నపిల్లల బడిలో, పని దొరికింది. పిల్లలకోసం అట్టలమీద ఆటలు గీసేదాన్ని. తోటి పనివాళ్లు ఎవరు ఏ ఆట చేసినా ముందు కూర్చుని ఆడేదాన్ని, ఎక్కువగా ఓడిపోయేదాన్ని.

పెళ్లిళ్లలో అక్క కనబడేది. వానల గురించి, పిల్లల గురించి మాట్లాడుకునేవాళ్లం. ఆ తర్వాత ఇంకేమైనా ఆటలు చేశావా అని ఒక్కసారి కూడా నేను అడగలేదు.