అయస్కాంతాలు చల్లారేదాకా

ఆక్స్‌ఫర్డ్ దగ్గర, సూర్యుడిలా పరమాణువులను కలిపి కరెంటు పుట్టించాలని చూసే ఒక చిన్న కంపెనీలో హెస్టర్ ఇంజనీరు. కుదురులేని మనిషి. టీ కూడా నడుస్తూనే తాగుతుంది, స్వెట్టరు గుండీలు తెగేదాకా తిప్పుతుంది. ఆ రోజు ప్రభుత్వ సాయం ఇవ్వాలో మానాలో తేల్చడానికి లండన్ నుంచి పెండ్రీ అనే అధికారి వచ్చాడు. సాయం రాకపోతే కంపెనీకి తాళమే. యంత్రంలో బుల్లి సూర్యుడు వెలిగి, రెప్పపాటులో ఆరిపోయాడు. సరిగ్గా అప్పుడే పెండ్రీ టీలో విరిగిపడిన బిస్కెట్టును చెంచాతో వెతుకుతున్నాడు.

"అయిపోయిందా? నేను చూడనే లేదే!" "మళ్లీ వెలిగిస్తాం సార్. ఆ మంటను పట్టి ఉంచే అయస్కాంతాలు చల్లారాలి, అరగంట," అంది హెస్టర్. "అమ్మో, నా రైలు!" అంటూ ఆయన కోటు అందుకున్నాడు. ముళ్లు గీరిన ఆయన వేళ్లు హెస్టర్ కంటబడ్డాయి. "ఈ ఏడు మీ గులాబీలకూ పురుగు పట్టిందా సార్?" "ఎందుకడుగుతారు లెండి!" అని పెండ్రీ కూర్చున్నాడు. ఆయన ఎర్ర గులాబీల కథ ముగించి పసుపు గులాబీలకు వచ్చేసరికి, స్టేషన్‌లో రైలు కదిలిపోయింది, యంత్రంలో అయస్కాంతాలు చల్లారాయి.